గేమ్‌కు మోడ్‌లు ఎంతవరకు ఎక్కించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పరీక్షలు అయ్యాక ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి, ఇటు అమలాపురం నుంచి అటు భీమవరం దాకా తెలిసిన ఇళ్లన్నిటి నుంచీ ఒకే రకం సందేహాలు వస్తాయి. హైదరాబాదు నుంచి పండగకు వచ్చిన బావ ల్యాప్‌టాప్‌లో చూసిన స్కైరిమ్ అనే ఆట ఒకటి, ఇంట్లో ఉన్న స్కైరిమ్ ఇంకొకటి. అది అలా ఎలా మారిందన్న కుతూహలంతో మొదలై, రెండు వారాలకు ఆట అసలు తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదు దగ్గర తేలుతుంది. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట పెట్టాను. ఎవరికి ఏది కావాలో అదొక్కటే చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మోడ్ అంటే అసలు ఏమిటి? చీటింగ్ లాంటిదా?

తయారీదారు ఇచ్చిన ఆటకు బయటివాళ్లు చేసిన మార్పును, చేర్పును మోడ్ అంటారు. మోడ్ ఎప్పుడూ వాడలేదని చెప్పేవాళ్లలో చాలామంది ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 ఆడినవాళ్లే. ఆ ఆట వచ్చింది 2006లో. ఐపీఎల్ మొదలైంది 2008లో. మరి అందులో ఐపీఎల్ జెర్సీలు, జట్లు ఎక్కడివి? ఎవరో అభిమానులు కూర్చుని చేసిన ‘ప్యాచ్’లే అవి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని కాపీ చేసుకున్న ప్రతివాళ్లూ మోడింగ్ చేసినట్టే. కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో హాఫ్ లైఫ్ ఆటకు మోడ్‌గానే పుట్టింది. చీటింగ్ అంటే ఎదుట ఉన్న మనిషి మీద దొంగతనంగా పైచేయి సాధించడం. ఒంటరిగా ఆడుకునే ఆటలో మీ కత్తికి పదును పెంచుకుంటే నష్టపోయేది ఎవరూ లేరు.

కొత్త ఆట కొన్నాను. ముందే మోడ్‌లు పెట్టేయాలా?

వద్దు. మొదటి పది, పదిహేను గంటలు ఉన్నది ఉన్నట్టు ఆడండి. మిమ్మల్ని ఏది విసిగించిందో అప్పుడు తెలుస్తుంది. సంచి బరువు లెక్కలా, మెనూలో అక్షరాల పరిమాణమా, వర్షం సరిగ్గా కురవకపోవడమా? ఆ విసుగుల జాబితాయే మీకు కావలసిన మోడ్‌ల జాబితా. దీనికి ఒక మినహాయింపు ఉంది: తయారీదారు సరిదిద్దకుండా వదిలేసిన తప్పులను సవరించే అనధికార ప్యాచ్‌లు, పాత ఆటలు కొత్త తెరల మీద నిండుగా కనిపించేలా చేసే సవరణలు మొదటి రోజే పెట్టుకోవచ్చు.

నా ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా?

ఏ మోడ్ దేని మీద భారం వేస్తుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. వస్తువుల మీద పైపూతలా అతికే బొమ్మల (టెక్స్‌చర్‌ల) నాణ్యత పెంచే మోడ్‌లు గ్రాఫిక్స్ కార్డు మెమరీని తింటాయి. వెలుగునీడలు మార్చేవి గ్రాఫిక్స్ కార్డు చేత ఎక్కువ పని చేయిస్తాయి. ఊళ్లో మనుషుల సంఖ్య పెంచేవి, కొత్త స్క్రిప్టులు, అంటే ఆటలో పనులు నడిపే చిన్న ప్రోగ్రాములు చేర్చేవి ప్రాసెసర్ మీద పడతాయి.

ఒక లెక్క చూడండి. 4కె (ఒక్కో అంచుకు 4096 చుక్కల) టెక్స్‌చర్ ఒక్కటి కుదించిన తర్వాత కూడా మెమరీలో సుమారు 16 ఎంబీ పడుతుంది. అదే 2కె అయితే అందులో నాలుగో వంతు. రాయికి, తలుపుకు, చెట్టు బెరడుకు అన్నిటికీ 4కె పెట్టేస్తే 4 జీబీ కార్డు ఎంతసేపు ఆగుతుంది? మామూలు 1080పి తెర మీద ఆడేవాళ్లు 2కె తీసుకుంటే తేడా కనిపెట్టడం కూడా కష్టం. కోనసీమ ఎండాకాలంలో ఉక్కపోతకు ల్యాప్‌టాప్ మామూలు ఆటకే కాగిపోతుంది. వేడి పెరిగితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో సాఫీగా నడిచిన మోడ్‌లు మే నెలలో నత్తనడక నడిస్తే తప్పు మోడ్‌ది కాకపోవచ్చు. ముందు ఫ్యాన్ జల్లెడలో చేరిన దుమ్ము దులిపించండి.

మాది లంక గ్రామం, నెట్ అంతంత మాత్రం. నాకు మోడింగ్ కుదురుతుందా?

కుదురుతుంది, ఆటను బట్టి ఎంచుకోవాలి. స్టార్డ్యూ వ్యాలీ మోడ్‌లు చాలావరకు కొద్ది ఎంబీల్లో అయిపోతాయి. స్కైరిమ్‌ను ఆపాదమస్తకం మార్చే పెద్ద జాబితాలు మాత్రం వంద జీబీ దాటడం మామూలే. రోజువారీ డేటా ప్యాక్ మీద వాటి జోలికి వెళ్లకండి. మోడ్‌లు దొరికే నెక్సస్ మోడ్స్ సైట్‌లో డబ్బు కట్టని సభ్యులకు డౌన్‌లోడ్ వేగానికి పరిమితి కూడా ఉంటుంది. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో చదువుకుంటున్న స్నేహితుడి గదిలో నెట్ బాగుంటే, దించుకున్న జిప్ ఫైళ్లను పేరు, వెర్షన్ నంబరు కనిపించేలా హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి. ఎక్కించాక జిప్‌లను చెరిపేసి, మళ్లీ కావలసివచ్చినప్పుడు తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఫోన్‌లో దొరికే ‘మోడ్ ఏపీకే’లు కూడా ఇవేనా?

పేరు ఒకటే, పని వేరు. అపరిమిత నాణేలు, అన్నీ ఉచితం అని ఊరించే ఆ ఏపీకేలు అసలు యాప్‌ను విప్పి, మార్చి, మళ్లీ కట్టినవి. డిజిటల్ సంతకం మారిపోతుంది కాబట్టి ఆండ్రాయిడ్ వాటిని అసలు యాప్‌కు అప్‌డేట్‌గా ఒప్పుకోదు. ఉన్నదాన్ని తీసేసి వీటిని పెట్టమని అడిగేది అందుకే. లోపల ఇంకేం కలిపారో మీకు కనిపించదు, అదే ఫోన్‌లో మీ యూపీఐ ఉంటుంది. నేనైతే ముట్టుకోను.

## ఎంతవరకు వెళ్లాలి?

సరిగ్గా ఎన్ని మోడ్‌లు పెట్టుకోవాలి? ఒక సంఖ్య చెప్పండి.

అందరూ అడిగేది ఇదే. సంఖ్య చెప్పను, ఎందుకంటే సంఖ్యకు అర్థం లేదు. గడ్డి, గోడలు, మేఘాలు మార్చే వంద టెక్స్‌చర్ మోడ్‌ల కన్నా, యుద్ధ విధానాన్ని లోపలి నుంచి తిరగరాసే ఐదు స్క్రిప్టు మోడ్‌లు బరువు. ‘నా దగ్గర నాలుగొందలు నడుస్తున్నాయి’ అని గొప్పగా చెప్పేవాళ్లను ఆ నాలుగొందలూ ఏం చేస్తున్నాయని అడిగి చూడండి. యాభై దాటాక తడబడతారు.

నేను వాడే కొలత ఒకటే. మోడ్‌ల జాబితా తెరిచి పై నుంచి కిందికి చదవండి. ఒక్కో పేరు దగ్గర అది ఎందుకు ఉందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ‘బాణాలు చెట్లకు తగిలి ఆగిపోతున్నాయి, దానికోసం’ అన్నది కారణం. ‘అందరూ పెట్టుకోమన్నారు’ అన్నది కారణం కాదు. కారణం చెప్పలేనివి తీసేయండి. ఆ తర్వాత మిగిలినవి పన్నెండైనా, రెండొందలైనా మీకు సరిపోయిన సంఖ్య అదే.

మనుషులను బట్టి కూడా ఉంటుంది. కథ కోసం ఆడేవాళ్లకు తప్పుల సవరణలు, మెనూ మార్పులు చాలు. ఒకే ఆటను నాలుగోసారి మొదలుపెట్టేవాళ్లకు కొత్త ఊళ్లు, కొత్త పాత్రలు కావాలి. ఆట పేరు మాత్రమే మిగిలి లోపలంతా మారిపోయేదాకా వెళ్లేవాళ్లు మూడో రకం. వాళ్లలో కొందరి ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. నా మొగ్గు మాత్రం మొదటి రకం వైపే.

ఆడటం కన్నా మోడ్‌లు సర్దడమే ఎక్కువైపోతోంది. ఇది తప్పా?

తప్పేమీ లేదు, సర్దడం కూడా ఒక సరదాయే. కాని ఏ సరదా కోసం కూర్చున్నారో మీకు తెలిసి ఉండాలి. రాత్రి తొమ్మిదికి పని ముగించుకుని వచ్చి గంటసేపు ఆడదామనుకున్నవాళ్లు ఆ గంటా గడ్డి రంగు మారుస్తూ గడిపితే మర్నాటికి చిరాకే మిగులుతుంది. అలాంటివాళ్లకు నేను చెప్పే ఉపాయం: ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు తర్వాత ఈ ఆట పూర్తయ్యేదాకా కొత్త మోడ్ ఏదీ ఎక్కించకూడదు. కంటపడిన మంచి మోడ్‌ల పేర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాతిసారికి పనికొస్తాయి. నెల తర్వాత ఆ కాగితం చూస్తే సగం పేర్లు మీరే కొట్టేస్తారు.

తయారుగా దొరికే పెద్ద మోడ్ జాబితాలు వాడొచ్చా?

వాబజాక్ జాబితాలు, నెక్సస్ కలెక్షన్లు ఇలాంటివే. ఒకరు నెలల తరబడి కూర్చుని ఒకదానితో ఒకటి పొసిగేలా అమర్చిన మొత్తం మీ కంప్యూటర్‌లోకి వస్తుంది. ఎవరి పనితనాన్నో నమ్మి ఆడదామనుకునేవాళ్లకు ఇది మంచి దారి. షరతు ఏమిటంటే, అందులో వేలు పెట్టకూడదు. మీకు నచ్చిన ఒక్క మోడ్ అదనంగా పెట్టినా ఆ పొందిక చెడుతుంది, తర్వాత ఏమైనా జరిగితే చేసినవాళ్లు కూడా సాయం చేయలేరు. ఇంకో సంగతి: అందులోని కష్టం, చీకటి, ఆకలి దప్పులు అన్నీ ఆ మనిషి అభిరుచివి. మీకు ఒంటబట్టకపోతే మొత్తం వదిలేయడం తప్ప దారి లేదు.

స్కైరిమ్‌లో 254కు మించి పెట్టలేమంటారు, నిజమా?

సగం నిజం. ఆ హద్దు పూర్తి స్థాయి ప్లగిన్‌లకు (మోడ్ చేసే మార్పులను ఆటకు అందించే ఫైళ్లకు), అదీ ఆట సొంత ఫైళ్లతో కలిపి. 2016లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో తేలికపాటి ప్లగిన్‌లు అనే మరో రకం చేరింది, అవి 4096 దాకా పడతాయి. ప్లగిన్ లేకుండా బొమ్మలు మాత్రమే మార్చే మోడ్‌లు ఏ లెక్కలోకీ రావు.

ఆటలో మన ఆర్టీసీ బస్సు నడపాలని ఉంది. ఎలా?

ఫోన్‌లో బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా, కంప్యూటర్‌లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఇందుకు అనువైనవి. కొత్త బస్సు మోడల్ చేయాలంటే త్రీడీ పని రావాలి. ఉన్న బస్సుకు రంగులు, రాతలు మార్చడం మాత్రం ఒక బొమ్మ ఫైలును దిద్దడమే.

ఇక్కడ అందరూ రెండు చోట్ల తట్టుకుంటారు. మొదటిది తెలుగు అక్షరాలు. కొన్ని బొమ్మలు దిద్దే యాప్‌లలో వత్తులు విడిపోతాయి. ‘రాజమహేంద్రవరం’ అని కొడితే ‘ద్ర’ రెండు ముక్కలై కూర్చుంటుంది. అక్షరాలు సరిగ్గా పడే యాప్‌లో బోర్డు రాసుకుని, దాన్ని బొమ్మగా భద్రపరచి, బస్సు బొమ్మ మీద అతికించండి. ఆటకు అది బొమ్మే కాబట్టి లోపల తెలుగు ఫాంట్ లేకపోయినా ఫరవాలేదు. రెండోది, కొన్ని మోడళ్లలో బస్సు రెండు పక్కలకూ ఒకే బొమ్మను అటొకటి ఇటొకటి తిప్పి వాడతారు. అప్పుడు కుడివైపు ‘పల్లె వెలుగు’ చక్కగా ఉండి ఎడమవైపు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. రెండు పక్కలకూ వేర్వేరు చోటు ఉన్న మోడల్‌ను ఎంచుకోవాలి, లేదా రాతలు ముందు వెనకలకే పరిమితం చేసుకోవాలి.

## ఎక్కించేటప్పుడు

మోడ్ మేనేజర్ తప్పనిసరా? నేరుగా కాపీ చేస్తే పోదా?

మోడ్‌లను ఎక్కించి, సర్ది, తీసే ప్రోగ్రామే మోడ్ మేనేజర్. రెండు మూడు మోడ్‌లైతే అది లేకుండా కాపీ చేసినా పోతుంది. పది దాటితే ఏ ఫైలు ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు, తీయాలంటే ఆటనే తీసేసి మళ్లీ పెట్టుకోవాలి. మోడ్ ఆర్గనైజర్ 2 ఒక్కో మోడ్‌ను దాని సొంత ఫోల్డర్‌లోనే ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రం అన్నీ ఒకేచోట ఉన్నట్టు చూపిస్తుంది. టిక్కు తీస్తే మోడ్ పోతుంది, అసలు ఆట చెక్కుచెదరదు. వోర్టెక్స్ మోడ్‌లను విడిగా దాచి, ఆట ఫోల్డర్‌లోకి లింకులు వేస్తుంది. అది ఇంకా ఎక్కువ ఆటలకు పనికొస్తుంది.

లోడ్ ఆర్డర్ అంటే ఏమిటి? ఎవరు ముందు, ఎవరు వెనుక?

సినిమా పోస్టర్ మీద పోస్టర్ అంటించినట్టు, ఒకే విషయాన్ని రెండు మోడ్‌లు మారిస్తే చివర ఎక్కినదే కనిపిస్తుంది. స్కైరిమ్, ఫాల్అవుట్ వంటి ఆటల్లో ప్లగిన్‌ల వరుస సర్దడానికి లూట్ అనే ఉచిత పనిముట్టు ఉంది. చాలావరకు దాని మాట వినండి. బొమ్మల ఫైళ్లు ఒకదాన్నొకటి కప్పేసే వరుస మాత్రం వేరు, దాన్ని మోడ్ మేనేజర్‌లో మీరే నిర్ణయించాలి. రెండు మోడ్‌లు ఒకే ఊరిని మారుస్తుంటే వాటి మధ్య సర్దుబాటు ప్యాచ్ ఉందేమో వెతకండి. లేకపోతే రెండిట్లో ఒకటి వదులుకోండి.

అన్నీ ఒకేసారి పెట్టాను, ఆట మొదట్లోనే ఆగిపోతోంది. తప్పు ఏ మోడ్‌దో ఎలా కనుక్కోవాలి?

సగం ఆపేసి ఆట తెరవండి. తెరుచుకుంటే దోషి ఆపేసిన సగంలో ఉంది, లేకపోతే మిగిలిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 64 మోడ్‌లున్నా ఆరుసార్లలో తేలిపోతుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన మోడ్‌లను మాత్రం జంటగానే ఉంచాలి, జంటగానే ఆపాలి.

మైన్‌క్రాఫ్ట్‌లో మోడ్ పెడితే పట్టించుకోవడమే లేదు, ఎందుకు?

మూడింటిలో ఒకటి తేడా ఉంటుంది. మీది జావా ఎడిషనా, బెడ్‌రాక్ ఎడిషనా? ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్, దానికి జావా మోడ్‌లు పట్టవు. మోడ్‌లను ఆటలోకి ఎక్కించే పనిముట్లు రెండు రకాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి: మోడ్ ఫోర్జ్ కోసం చేసిందా, ఫ్యాబ్రిక్ కోసమా? చివరగా, మోడ్ వెర్షన్ ఆట వెర్షన్‌తో సరిపోతోందా? ఈ మూడూ సరిపోయి ఆట నత్తనడక నడుస్తుంటే లాంచర్‌లో మెమరీ కేటాయింపు పెంచి చూడండి.

## ఆడుతుండగా

ఆట సగంలో ఉండగా మోడ్ తీసేయొచ్చా?

బొమ్మలు, శబ్దాలు మార్చేవి ఎప్పుడైనా తీయొచ్చు. స్క్రిప్టులున్నవి, కొత్త మనుషుల్ని, వస్తువుల్ని చేర్చేవి తీయకూడదు. వాటి ఆనవాళ్లు అప్పటికే సేవ్ ఫైలులో పాతుకుపోయి ఉంటాయి. తీసిన రోజు అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, ఇరవై గంటల తర్వాత ఒక తలుపు దగ్గర ఆట కుప్పకూలుతుంది. తీయక తప్పదంటే ఆ మోడ్ పెట్టకముందు నాటి సేవ్‌కు వెళ్లండి.

సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ఫైలు తెరుచుకోవడం లేదు.

తుఫాను రోజుల్లో, వేసవి మధ్యాహ్నాల్లో మనకిది తప్పని గండం. సగం రాసిన ఫైలు బాగుపడటం అరుదు. ఒకే చోట సేవ్ మీద సేవ్ చేయకుండా నాలుగైదు చోట్ల మార్చి మార్చి చేసుకోండి. వారానికోసారి సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. క్లౌడ్‌లో ఉందిలే అని ధీమా పడకండి, పాడైన ఫైలు కూడా అంతే శ్రద్ధగా క్లౌడ్‌కు ఎక్కుతుంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు చిన్న యూపీఎస్, కొత్త గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు కొనాల్సిన వస్తువు.

ఆట అప్‌డేట్ అయింది, మోడ్‌లన్నీ పోయాయి. నా తప్పేమిటి?

మీ తప్పు లేదు. మోడ్‌ల స్క్రిప్టులకు అదనపు శక్తినిచ్చే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ వంటి పనిముట్లు ఆట అసలు ప్రోగ్రామ్ ఫైలులోని ఫలానా చోటును పట్టుకుని పనిచేస్తాయి. అప్‌డేట్‌తో ఆ చోటు కదిలిపోతుంది. 2024 ఏప్రిల్ 25న ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు లోకమంతా ఇదే గోల. ఫాల్అవుట్ లండన్ అనే భారీ మోడ్ విడుదలే వాయిదా పడి జూలైకి వెళ్లింది. ఆటలు కొని, నడుపుకునే స్టీమ్ యాప్‌లో ఆ ఆటకు ‘తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్’ అన్న ఎంపిక పెట్టి, ఆటను మోడ్ మేనేజర్ నుంచే తెరుస్తూ ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఇప్పటికే అప్‌డేట్ అయిపోతే ఓపిక పట్టండి. మోడ్ చేసినవాళ్లకూ ఉద్యోగాలు, కాలేజీలు ఉంటాయి.

## ఆన్‌లైన్, డబ్బు, భద్రత

జీటీఏ 5కు మోడ్‌లు పెడితే బ్యాన్ చేస్తారా?

కథను ఒంటరిగా ఆడుకునేచోట మోడ్‌లు వాడినందుకు ఇబ్బంది రాదు. 2017లో ఓపెన్‌ఐవీ అనే పనిముట్టును ఆపించబోయి, ఆటగాళ్ల ఆగ్రహం చూసి ఆటను ప్రచురించే సంస్థ వెనక్కి తగ్గింది. జీటీఏ ఆన్‌లైన్‌లోకి మోడ్‌లతో వెళ్తే మాత్రం ఖాతా పోయినట్టే అనుకోండి. డిస్క్‌లో చోటుంటే ఆట ఫోల్డర్‌ను రెండు కాపీలు చేసి, ఒకటి మోడ్‌లకు, ఒకటి ఆన్‌లైన్‌కు ఉంచుకోండి. మోడ్‌లున్న సర్వర్లలో నలుగురితో ఆడాలంటే ఫైవ్‌ఎం ఉంది, దాన్ని 2023లో రాక్‌స్టార్ సంస్థే తనలో కలుపుకుంది.

మోడ్‌లలో వైరస్ ఉంటుందా?

అరుదుగా ఉంటుంది. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే హానికర ప్రోగ్రామ్ పేరున్న మైన్‌క్రాఫ్ట్ మోడ్ నిలయాల్లోకే చొరబడింది. కొత్తగా వచ్చిన ఫైలును మొదటి రోజే దించుకోకండి, రెండు మూడు వారాలు ఆగండి. యాంటీవైరస్ ఆపేయమని చెప్పే మోడ్ ఏదైనా సరే, వదిలేయండి.

మోడ్‌లకు డబ్బు కట్టాలా?

చాలావరకు ఉచితమే. 2015 ఏప్రిల్‌లో స్టీమ్‌లో స్కైరిమ్ మోడ్‌లను అమ్మే ఏర్పాటు మొదలుపెట్టి, గగ్గోలు లేవడంతో కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. నచ్చిన మోడ్ చేసినవాళ్లకు మీ ఇష్టంతో విరాళం ఇవ్వడం మంచి పని. ఉచితంగా దొరికే మోడ్‌లను పెన్‌డ్రైవ్‌లో నింపి డబ్బు తీసుకునే దుకాణాలకు ఇవ్వడం మాత్రం దండగ, చేసినవాళ్లకు అందులో పైసా వెళ్లదు.

మా బాబు రోజంతా మోడ్‌లు అంటూ ఫోల్డర్లు తిప్పుతున్నాడు. కంగారు పడాలా అండీ?

చదువు, నిద్ర చెడకపోతే అక్కర్లేదు. ఫైళ్ల అమరిక, వెర్షన్లు, ఎర్రర్ చదివి కారణం వెతకడం వాడికి ఆడుతూనే అలవాటవుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆట పెట్టె మీద ఉండే వయసు సూచన మోడ్‌లకు వర్తించదు. పెద్దల మోడ్‌లు కూడా అవే సైట్లలో ఉంటాయి. బాబు ఖాతాలో వాటిని దాచే ఎంపిక ఆన్‌లో ఉందో లేదో వాడి పక్కన కూర్చునే చూడండి.

## సొంతంగా చేయాలనుకుంటే

నాకూ ఒక మోడ్ చేయాలని ఉంది. ప్రోగ్రామింగ్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టార్డ్యూ వ్యాలీతో మొదలుపెట్టండి. స్మాపీ, కంటెంట్ ప్యాచర్ అనే రెండు ఉచిత పనిముట్లు చాలు. ఆటలో ఒక వస్తువు బొమ్మ 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉంటుంది. అంత చిన్న గళ్లలో కొబ్బరిబోండాన్నో చక్కెరకేళి అరటిపండునో గీయండి, కష్టమేమిటో, సరదా ఏమిటో తెలుస్తుంది. ఆ బొమ్మ ఏ పాత బొమ్మ స్థానంలో కూర్చోవాలో చెప్పడానికి రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లు రాయాలి. ఒకటి మోడ్ పేరు, వెర్షన్ చెబుతుంది, రెండోది మార్పును చెబుతుంది. ఎక్కడో ఒక కామా మరిచిపోయి ఉంటారు. స్మాపీ నల్ల కిటికీలో ఎర్ర అక్షరాలతో చిట్టా వస్తుంది. అందులో మొదటి వరుస చదవండి, చాలావరకు తప్పు ఏ ఫైలులో, ఎన్నో వరుసలో ఉందో అక్కడే రాసి ఉంటుంది. ఇంకొకరి బొమ్మలు వాడుకుంటే మాత్రం వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే నలుగురికీ పంచండి.